ఎక్కడమే కాని దిగడం ఎరుగని యాక్సిలరేటర్ గారికి

గౌరవనీయులైన యాక్సిలరేటర్ గారికి,

మోటార్‌సైకిలు కుడిచేతి గ్రిప్పు దగ్గర మొదలై, తీగ రూపంలో పెట్రోలు ట్యాంకు కిందుగా సాగి, పెట్రోలునూ గాలినీ కలిపే కార్బొరేటర్‌లో, పైకి లేచి ఇంజనుకు దారి విడిచే స్లైడుగా స్థిరపడిన పెద్ద సంస్థ తమరిది కాబట్టి, ఈ ఉత్తరాన్ని ఏ విభాగానికి పంపాలో తేలక అన్నింటికీ కలిపి రాస్తున్నాను. ఫిర్యాదు ఒక్కటే. తిప్పినప్పుడు తమరు ఎంతో విధేయంగా లేస్తున్నారు. వదిలినప్పుడు మాత్రం, ఆ సంగతి తమకు ఇంకా లిఖితపూర్వకంగా అందలేదన్నట్టు లేచినచోటే ఉండిపోతున్నారు. మా కోరాపుట్ జిల్లా జయపురం బజారులో అయితే దీన్ని జనం ముందు గొప్పలు పోవడంగా సరిపెట్టుకోవచ్చు. కాని పొట్టంగి దాటి సుంకి ఘాటీలో సాలూరు వైపు దిగుతూ, మలుపులో లోడు లారీ ఎదురైనప్పుడు, నేను బ్రేకు నొక్కుతుంటే తమరు బండిని ముందుకు తోస్తుండడం ఏ నిబంధన కిందికి వస్తుందో తెలియజేయగోరుతున్నాను.

తమరి వయసును నేను గుర్తించకపోలేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమలులోకి వచ్చాక కొత్త బండ్లలో కార్బొరేటర్ దాదాపు కనుమరుగైంది. తమరు మాత్రం అదే పాత స్లైడుతో, ఎత్తయిన బండి మీద, 1,672 మీటర్ల దేవమాలి కొండదారుల్లో ఎర్రదుమ్ము పీలుస్తూ ఇంకా కొలువు చేస్తున్నారు. అయితే దుమ్ము తినడం కొండదారి బండికి తప్పదు కదా అని, తిన్నదంతా గ్రిప్పు లోపల దాచుకుని కూర్చోవడం మాత్రం భావ్యం కాదు.

తమరికి బాగా అలవాటైన వైద్యం ఒకటుంది. ఈ జిల్లాల్లో ఎక్కడ బండి ఆపినా మెకానిక్ ఒడియాలో పలకరిస్తాడు, తెలుగులో రోగం వింటాడు, ఏ భాషలోనూ విప్పి చూడకుండా తమరి చేయి తడుపుతాడు. "నూనె కొట్టాను బాబూ, ఇంక సరిపోద్ది" అంటాడు. సరిపోతుంది కూడా, నూనె కొత్తగా ఉన్నంతసేపు. ఆ తరువాత అదే నూనె దారిలోని ధూళినంతా పిలిచి కూర్చోబెట్టుకుని, ముద్దగా మారి, మునుపటికంటే గట్టిగా పట్టేస్తుంది. నైలాన్ పూత ఉన్న తీగలో చిక్కటి గ్రీజు కూరడం ఇంకా ఘోరం. అలాంటి తీగకు పలచటి నూనె చాలు, అది కూడా పైకొసకు ప్లాస్టిక్ కవరు కట్టి, కింది కొస నుంచి మురికి కారేదాకా నిదానంగా దింపినప్పుడే ఫలితం ఇస్తుంది.

తమరి వైపు నుంచి ఆలోచిస్తే, తమరి నిర్మాణంలోనే ఒక అన్యాయం ఉందని ఒప్పుకోవాలి. పైకి లేవడానికి మనిషి మణికట్టు బలమంతా అండగా ఉంటుంది; కిందికి దిగడానికి ఉన్నది స్లైడు మీద కూర్చున్న ఒక్క స్ప్రింగు మాత్రమే. అందుకే ఏ మూల చిన్న రాపిడి పుట్టినా లేచేటప్పుడు అది ఎవరికీ తెలియదు, దిగేటప్పుడే బయటపడుతుంది. ఇది తెలియని సలహాదారులు బలమైన స్ప్రింగు వేయమంటారు. అలా వేస్తే రాపిడి ఉన్నచోటే ఉంటుంది, మణికట్టుకు మాత్రం నొప్పి అదనంగా వస్తుంది.

సరిహద్దులోని కొటియా ఊళ్లను ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ మావంటే మావంటాయి. తమరి నేరం విషయంలో వ్యవహారం తలకిందులు, దాన్ని మాదని చెప్పేవారే లేరు. గ్రిప్పును అడిగితే తీగను చూపుతుంది, తీగ కార్బొరేటర్‌ను చూపుతుంది, కార్బొరేటర్ గాలి ఫిల్టరు మీదికి నెడుతుంది. కాబట్టి విచారణ విడివిడిగా జరపవలసి వచ్చింది. ఇంజను ఆపి, తీగను కార్బొరేటర్ దగ్గర విప్పి, గ్రిప్పునూ తీగనూ మాత్రమే ఆడించి చూస్తే సగం నిజం అక్కడే తేలుతుంది. అప్పటికీ బిగువుగా ఉంటే తీగను గ్రిప్పు నుంచి కూడా తప్పించి, ఒట్టి గ్రిప్పును తిప్పాలి. కుడివైపు పడిన ప్రతిసారీ హ్యాండిల్ కొస రాయికి కొట్టుకుని, చేతికి ముందు కాపుగా ఉండే హ్యాండ్ గార్డు లోపలికి జరిగి, గ్రిప్పు కింది ప్లాస్టిక్ గొట్టాన్ని అదిమి పట్టుకోవడం ఈ రకం బండ్లలో మామూలే. దానికి నూనె కాదు, ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు కావాలి. గొట్టాన్ని ఊడదీసి, హ్యాండిల్ కడ్డీని పొడిగుడ్డతో తుడిస్తే తమరు దాచుకున్న దుమ్ము ఎంతో లెక్క తేలుతుంది.

తీగ మీద మోపవలసిన నేరం ఇంతకంటే పెద్దది. దాని కొసన ఉన్న లోహపు గుండు తన గూటిలో స్వేచ్ఛగా తిరగకపోతే, తిప్పిన ప్రతిసారీ తీగ అక్కడే వంగి, ఒక్కొక్క పోగే తెగుతుంది. తెగిన పోగు పైతొడుగులో గుచ్చుకుని మిగిలినవాటిని కదలనివ్వదు. పోగు తెగిన తీగకు నూనె పోయడం వృథా, దాన్ని మార్చడం ఒక్కటే దారి. కొత్త తీగను ట్యాంకు కింద మెలిక పడకుండా పాతదాని దారిలోనే నడిపించాలి, గ్రిప్పు దగ్గర రెండు నుంచి ఆరు మిల్లీమీటర్ల వదులు ఉంచాలి, తరువాత బండిని నిలబెట్టి ఇంజను నడుస్తుండగా హ్యాండిల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి చూడాలి. మోత పెరిగిందంటే తీగ ఎక్కడో లాగబడుతున్నట్టే.

కార్బొరేటర్ సంగతి చెప్పబోతే సిగ్గుగా ఉంది. మిగ్, సుఖోయ్ యుద్ధవిమానాల ఇంజన్లు తయారుచేసే సునాబేడ కర్మాగారం ఈ జిల్లాలోనే ఉన్నది; దాని పొలిమేరలో తమరి బొటనవేలంత స్లైడు తన గొట్టంలో ఇరుక్కుని దిగనంటుంది. చిరిగిన ఫిల్టరు గుండా దూరిన ఇసుక దాని ఒంటి మీద గీతలు పెడుతుంది. పెట్రోలుతో కడిగి మెత్తటి గుడ్డతో తుడవవలసినచోట, మన వీరులు గరుకైన ఎమరీ కాగితంతో రుద్ది ఆ గీతలను శాశ్వతం చేస్తారు. పై మూతను అడ్డంగా బిగించినా, కార్బొరేటర్‌ను పట్టి ఉంచే క్లాంపును బలమంతా పెట్టి నొక్కినా లోపలి దారి వంకరపోతుంది. స్లైడును తిరిగి దించేటప్పుడు దాని గాడి లోపలి మొలతో కలవాలి, కోసిన అంచు ఫిల్టరు వైపు ఉండాలి. తారుమారుగా పెడితే స్లైడు పూర్తిగా దిగదు, కిక్కు కొట్టగానే ఇంజను గొంతు చించుకుంటుంది.

ఒక్క అభియోగాన్ని మాత్రం ఉపసంహరించుకుంటున్నాను. గ్రిప్పు టక్కున వెనక్కి వచ్చినా, స్లైడు అడుగంటినా మోత దిగకపోతే అది తమరి నేరం కాదు. కార్బొరేటర్‌కూ ఇంజనుకూ మధ్యనున్న పాత రబ్బరు పగిలి, అడగని గాలి లోపలికి పోతున్నదని అర్థం. ఆ నింద తమరు చాలాకాలంగా మోస్తున్నారు.

ఇక ముందు జరగవలసినది ఇది. ఇంజను ఆపి, గ్రిప్పును పూర్తిగా తిప్పి వదిలితే, స్లైడు అడుగుకు తగిలిన చప్పుడు నాకు వినిపించాలి. హ్యాండిల్ ఎటు తిరిగి ఉన్నా వినిపించాలి. అది వినిపించని రోజున బండి ఇంటి గేటు దాటదు. దారిలో తమరు మళ్లీ మొండికేస్తే నేను మర్యాదలు పాటించను: ముందు క్లచ్ పడుతుంది, వెంటనే ఇంజనును ఆపే కిల్ స్విచ్ పడుతుంది, అది పనిచేయకపోతే తాళంచెవి తిరుగుతుంది, అదీ హ్యాండిల్ లాక్ దాకా పోకుండా. ఆ క్షణంలో తమరు ఎంత అరిచినా చక్రం మాత్రం తమరి మాట వినదు.

ఇట్లు,
తమరిని తిప్పే కుడిచేతి యజమాని,
కోరాపుట్ జిల్లా.

నకలు: హ్యాండ్ గార్డు గారికి, రెండు మిల్లీమీటర్లు పక్కకు జరగవలసిందిగా కోరుతూ, తగు చర్య నిమిత్తం.