మట్టికి జబ్బు చేయదట!

ఇప్పుడే మిద్దె మీద నుంచి దిగాను. చేతికంటిన మట్టి కూడా కడుక్కోకుండా రాస్తున్నా. కడుక్కుంటే ఈ కోపం కాస్తా చల్లారుతుందేమోనని భయం.

మూడు వంగ మొక్కలు. నిన్న సాయంత్రం నిటారుగా ఉన్నాయి, తొలి పిందెలు కూడా పడ్డాయి. పొద్దున చూస్తే ఆకు పచ్చగా ఉండగానే తలలు వాల్చేశాయి. వాటిని పెంచే గ్రోబ్యాగు సంచిలో తడి ఉంది, కాబట్టి "నీళ్లు సరిగ్గా పోయలేదేమో" అని ఎవరూ కామెంట్ పెట్టకండి, దండం పెడతా. కాండం కోసి గాజు గ్లాసులో నీళ్లు పోసి అందులో వేలాడదీశా. కాసేపటికి కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లటి దారం కిందికి జారింది. బాక్టీరియా ఎండు తెగులు! పోయినేడు నా టమాటాలను మింగింది కూడా ఇదే.

రాక ఏం చేస్తుంది? అదే మట్టి కదా.

టమాటాలు చచ్చిన రోజే చెప్పాను, ఆ నాలుగు గ్రోబ్యాగుల మట్టి వదిలించుకుందామని. మా ఆయన వింటేగా! "మట్టికి జబ్బేమిటే? ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, కోకోపీట్ అనే కొబ్బరి పొట్టు అన్నీ డబ్బులు పోసి కొన్నవి. ఎండబెడితే సరి" అన్నారు. మూడంతస్తులు మోసి దింపడానికి బద్ధకం, దానికి పొదుపని పేరు. ఎండబెట్టారు కూడా. ఎక్కడో తెలుసా? వాటర్ ట్యాంకు కింద, నీడలో! మే నెల ఎండలో మట్టి తడిపి, పల్చగా పరిచి, నల్లది కాకుండా అవతలివైపు కనిపించే ప్లాస్టిక్ షీటు గాలి చొరకుండా కప్పి, నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేస్తే దాన్ని ఎండబెట్టడం అంటారు మహానుభావా. మీరు చేసింది దానికి విశ్రాంతి ఇవ్వడం. పైగా గుప్పెడు ట్రైకోడెర్మా చల్లి "మందేశాను" అని గొప్ప. అది శిలీంధ్రాల మీద పోట్లాడేది. ఈ బాక్టీరియా దాన్ని చూసి నవ్వుకుని ఉంటుంది.

పోనీ ఆ మట్టిలో ఏ తోటకూరో చల్లారా? లేదు. నేను ఊరెళ్లొచ్చేలోపు సర్‌ప్రైజ్ అట, వంగ నారు! టమాటాకి సొంత చుట్టం.

అసలీయన దేన్నీ పారేయరు. 2014లో కొన్న ఫ్రిజ్ అట్టపెట్టె ఇంకా అటక మీదే ఉంది. మరి మా అమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీ? అంచున చిన్న పెచ్చు ఊడిందని నేను లేనప్పుడు చెత్తబండికి ఎత్తేశారు. పగిలిన సామాను ఇంట్లో ఉంటే అరిష్టమని వాళ్ల అక్కగారు ఫోన్లో సెలవిచ్చారట. ఆ జాడీలో ఇరవై ఏళ్లు ఆవకాయ పెట్టాను, ఒక్కసారి బూజు పట్టలేదు. అది అరిష్టం. తెగులు మట్టి మాత్రం మహాలక్ష్మి!

ఇది రాస్తుంటే హాల్లోంచి కేక వినిపిస్తోంది. వంగ పోతే పోయిందిలే, ఆ బ్యాగుల్లో మిరప వేద్దామా అని.