రీసెట్ బటన్ ఉన్నది దీపం ఆర్పడానికా?

డ్యాష్‌బోర్డు మీద గుర్రపు నాడా ఆకారంలో, మధ్యలో ఆశ్చర్యార్థకంతో వెలిగి, టైరులో గాలి తగ్గిందని హెచ్చరించే ఆ పసుపు దీపాన్ని చూసినప్పుడు టైర్ల దగ్గరికి వెళ్లేవారికంటే రీసెట్ బటన్ ఎక్కడుందో వెతికేవారే ఎక్కువని నా గమనిక. నేనూ ఆ కోవలోనే ఉండేవాణ్ణి కాబట్టి, ఈ మాట ఎవరినో ఎత్తిపొడవడానికి అనడం లేదు.

నా కారులో ప్రతి టైరుకూ 33 పి.ఎస్.ఐ. (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) గాలి ఉండాలి. ఒక ఉదయం దీపం వెలిగితే దిగి చుట్టూ తిరిగి చూశాను. నాలుగు టైర్లూ ఒక్కలాగే కనిపించడంతో బటన్ కొన్ని సెకన్లు నొక్కిపట్టాను, దీపం ఆరింది, నా దారిన నేను వెళ్లిపోయాను. పది రోజుల తరువాత అది మళ్లీ వెలిగినప్పుడు గేజ్ పెట్టించి చూస్తే వెనక ఎడమ టైరులో 20 మాత్రమే ఉంది. మేకు దిగి, సన్నగా గాలి పోతూనే ఉందన్నమాట. రేడియల్ టైరులో మూడో వంతు గాలి పోయినా కంటికి పెద్దగా తేడా తెలియదన్న సంగతి ఆ రోజే నాకు బోధపడింది.

ఆ పది రోజులూ కారు ఎందుకు నోరు మెదపలేదన్న ప్రశ్నకు జవాబు ఆ బటన్‌లోనే ఉంది. నా కారులో ఉన్నది పరోక్ష పద్ధతి. చక్రాల లోపల ప్రెషర్ కొలిచే సాధనమేదీ ఉండదు, ఏ.బి.ఎస్. (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) బ్రేకుల కోసం ఎలాగూ ఉన్న వేగ సెన్సార్లే ఒక్కో చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో గమనిస్తుంటాయి. గాలి తగ్గిన టైరు చుట్టుకొలత కాస్త కుదించుకుపోతుంది కాబట్టి, అదే దూరం వెళ్లడానికి అది మిగతావాటికంటే ఎక్కువ చుట్లు తిరగాలి. ఆ తేడానే కారు పట్టుకుంటుంది. దేనితో పోల్చి తేడా అంటున్నాం? మనం చివరిసారి రీసెట్ నొక్కినప్పుడున్న స్థితితో. అంటే ఆ బటన్ నొక్కడమంటే ‘ఇప్పుడున్న గాలి సరైనదే, దీన్నే ప్రమాణంగా తీసుకో’ అని కారుకు హామీ ఇవ్వడం. 33 ఉండవలసిన టైరులో 26 ఉండగా నేను ఆ హామీ ఇచ్చాను. సుమారు 20 శాతం తగ్గితే హెచ్చరించే లెక్కన, అది మళ్లీ గొంతు విప్పేది 21 దగ్గర. నేను ఆర్పింది దీపాన్ని అనుకున్నాను గానీ, హెచ్చరిక గీతనే కిందికి జరిపేశాను.

ప్రత్యక్ష పద్ధతి ఉన్న కార్లలో కథ వేరు. అక్కడ ప్రతి చక్రంలోనూ వాల్వుకు అతికిన సెన్సార్ గాలిని నేరుగా కొలిచి రేడియో ద్వారా చెబుతుంది. గాలి సరిగ్గా నింపి కొంత దూరం నడిపితే చాలా కార్లలో దీపం తనంతట తానే ఆరిపోతుంది. కారు స్టార్ట్ చేయగానే దీపం నిమిషం పైగా రెప్పలార్చి, ఆ తరువాత స్థిరంగా వెలిగితే అది గాలి ఫిర్యాదు కాదు, వ్యవస్థలోనే లోపం ఉందని అర్థం. సెన్సార్ లోపలి బ్యాటరీ సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు వస్తుంది, అది అయిపోతే ఏ బటనూ దాన్ని బతికించలేదు.

మరో వాదన తరచుగా వింటుంటాను: ‘పొద్దున వెలుగుతుంది, మధ్యాహ్నానికి ఆరిపోతుంది, సెన్సార్ పాడైంది’ అని. చాలాసార్లు సెన్సార్ తప్పేమీ ఉండదు. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీల సెల్సియస్ తగ్గితే టైరులో దాదాపు 1 పి.ఎస్.ఐ. పడిపోతుంది, అంచున ఉన్న టైరు చల్లటి వేళ గీత దాటి, పరుగుతో వేడెక్కాక పైకి వస్తుంది. అందుకే గాలి చూడవలసింది కారు కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్నప్పుడు, అదీ డ్రైవర్ తలుపు చట్రం మీద అతికించిన అంకె ప్రకారం. టైరు పక్కగోడ మీద అచ్చయి ఉన్నది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పరిమితి; దాన్ని చూసి గాలి కొట్టించేవారిని చూస్తే నాకు భయం వేస్తుంది.

అమెరికాలో టైర్లు చీలి కార్లు పల్టీలు కొట్టిన వరుస ప్రమాదాల తరువాత 2000లో చట్టం వచ్చి, 2007 సెప్టెంబరు నుంచి అక్కడి కొత్త కార్లన్నింటికీ ఈ హెచ్చరిక తప్పనిసరైంది. యూరోపియన్ యూనియన్‌లో 2014 నవంబరు నుంచి. గాలి తక్కువైన టైరు పక్కగోడ ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి, ఆ వంపుకు వేడెక్కి, చివరకు పగిలిపోతుందన్న భయంతో ఇంత తతంగం చేశారు. తీరా మనం చేస్తున్నది జ్వరం తగ్గించమంటే థర్మామీటరు దులపడం.

తప్పంతా మనదేనని మాత్రం నేను ఒప్పుకోను. ఆ బటన్‌కు ‘రీసెట్’ అని పేరు పెట్టినవారికీ ఇందులో వాటా ఉంది, ఎందుకంటే ఆ మాట వినగానే ఫోను ఆపి మళ్లీ వేసినట్టు గొడవ తీరిపోతుందనే ఎవరైనా అనుకుంటారు. కొన్ని కార్ల మెనూలో దీన్నే ‘టైరు ప్రెషర్ నమోదు చేయి’ అనే అర్థం వచ్చేలా రాస్తున్నారు. ఆ మాట చదివిన మనిషి కనీసం ‘ఎంత ప్రెషర్?’ అని తనను తాను అడుగుతూ, వేలు ఒక్క క్షణం వెనక్కి తీసుకుంటాడు.