మెయిల్ పెట్టుండ్రి, ప్రింట్ తెండ్రి

మెయిల్ అంటే ఏమిటో ఇన్నేళ్లూ నాకు సరిగ్గా తెలియదని మొన్న హన్మకొండలో ఒక ఆఫీసుకు వెళ్తే తెలిసింది. ఏ ఆఫీసో చెప్పను, చెబితే మిగతా ఆఫీసులు అలుగుతాయి.

కాగితంలో నా పేరు ఒక అక్షరం తప్పు పడింది. సరిచేయమంటే "మెయిల్ పెట్టుండ్రి సార్" అని గోడ చూపించారు. గోడ మీద స్కెచ్ పెన్నుతో ఐడీ రాసి ఉంది. మధ్యలో ఉన్నది చుక్కో, ఈగ పెట్టిపోయిన గుర్తో తేలక రెండు విధాలుగానూ పంపాను. మూడో రోజు ఫోన్ చేశాను.

"మెయిల్ పెట్టిన సార్, చూసిన్రా?"

"పెట్టిన్రా? మంచిది. ఒకసారి రాండ్రి."

వెళ్లాను. మెయిల్ చూసే పిలగాడు లీవులో ఉన్నాడట, పాస్‌వర్డ్ కూడా అతనితోపాటే లీవులో ఉందట.

1971లో రే టామ్లిన్సన్ అనే అమెరికా ఇంజినీరు మొదటి మెయిల్ పంపింది పక్కనే ఉన్న ఇంకో కంప్యూటర్‌కే. వచ్చిందో లేదో తనే వెళ్లి చూసుకునేంత దగ్గర. ఆ సంప్రదాయాన్ని మనవాళ్లు ఇప్పటికీ తప్పడం లేదు. పంపినవాడే వెళ్లి చూసుకోవాలి.

పిలగాడు వచ్చాక మెయిల్ డబ్బా తెరిచాడు. చదవని మెయిళ్లు నాలుగంకెల్లో ఉన్నాయి. సగానికి సబ్జెక్టు లేదు, ఉన్నవాటిలో చాలావాటికి సబ్జెక్టు "సర్". లోపల అక్షరం ముక్క ఉండదు, అడ్డంగా పడుకున్న ఆధార్ ఫోటో ఒకటి ఉంటుంది. నేను మాత్రం "గౌరవనీయులైన" దగ్గర మొదలుపెట్టి మూడు పేరాలు రాశాను లెండి. "వచ్చింది సార్!" అన్నాడు. మా వాడికి ర్యాంకు వచ్చినప్పుడు కూడా అంత సంబరపడలేదు.

"మరి దీని ప్రింట్ ఏది?"

వాళ్ల ప్రింటర్‌లో ఇంకు లేదట. ఎదురుగా జిరాక్స్ షాపు ఉంది. ఆఫీసుకు పంపిన మెయిల్‌నే ఆ షాపుకూ పంపాను. గూగుల్ ఊరికే ఇచ్చే 15 జీబీ మన ఆధార్ కార్డులు, మెమోలు, పాస్‌బుక్కులు, పెళ్లి బయోడేటాలతో రెండుసార్లు నిండిందట. షాపు గోడ మీద రెండు పాత ఐడీలు కొట్టేసి మూడోది రాశారు. పంపినవాడు మళ్లీ అడగడు, షాపువాడు డిలీట్ చేయడు. వరంగల్‌లో ఎవరి పిల్లకు ఎన్ని మార్కులొచ్చాయో, ఎవరి ఖాతాలో ఎంత ఉందో తెలిసిన మనిషి పేజీకి రెండు రూపాయల చొప్పున మన మధ్యే బతుకుతున్నాడు.

నా ముందు నర్సంపేట వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. "బాబూ, నాకొక మెయిల్ కావాల్నట. ఎంతైతది?" అన్నాడు. యాభై రూపాయలకు షాపు కుర్రాడు ఐడీ చేసిచ్చాడు. పుట్టినరోజు తెలియదంటే జనవరి 1 కొట్టాడు. పెద్దాయనది బటన్ ఫోన్, దాంట్లో మెసేజ్ చదవడం ఆయనకు రాదు. కోడ్ కుర్రాడి ఫోన్‌కే తెప్పించుకున్నాడు. పాస్‌వర్డ్ బస్సు టికెట్ వెనకాల రాసిస్తే, పెద్దాయన దాన్ని మడిచి బీడీ కట్టతోపాటు జేబులో పెట్టుకున్నాడు. జవాబు మెయిల్‌లోనే వస్తుందని చెప్పారట. నన్నడిగాడు: "గిది వస్తే మోగుతదా సారూ?"

మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు కదయ్యా! కాగితం చేతిలోనే ఉంది, నోరు తెరిచి చెబుతున్నాడు. రెండు బస్సులు మారి, ఒక రోజు కూలి పోగొట్టుకొని వచ్చాడు. ఆ కాగితం అందుకుని ముద్ర కొట్టడానికి మీ చేతులకు ఏం రోగం? చదువు రాని మనిషి జేబులో పాస్‌వర్డ్ పెట్టి పంపడానికి సిగ్గుండాలి. ఆయన్ని గుమ్మం దాటించడానికి కాకపోతే ఆ మెయిల్ ఎందుకు?

సరే, నా సంగతి. ప్రింట్ తీసుకెళ్లి ఇచ్చాను, ముద్ర వేశారు. ముద్ర వేసిన కాగితాన్ని స్కాన్ చేసి మళ్లీ మెయిల్ పెట్టమన్నారు.

పెట్టాను. ఫోన్ కూడా చేశాను.