51కి 51

"ఎంత కొట్టమంటారు మాస్టారండీ?"

పంచర్ షాపు కుర్రాడు గాలి గొట్టం చేత్తో పట్టుకుని అడిగాడు. నేను చాలా హుందాగా "మామూలుగా కొట్టు" అన్నాను.

"మామూలంటే ఎంతండీ?"

పెళ్లి బంతిలో పప్పు వడ్డించేవాణ్ణి మామూలుగా వెయ్యమంటే వేస్తాడు. మంగలిని మామూలుగా కత్తిరించమంటే కత్తిరిస్తాడు. వీడికి మాత్రం అంకె కావాలట. పాలకొల్లు పక్క ఊళ్లో ఇరవై రెండేళ్లుగా పిల్లలకి లెక్కలు చెబుతున్నవాణ్ణి, నా దగ్గర ఆ ఒక్క అంకె లేదు. "రేపు చెబుతాలే" అని కారు వెనక్కి తిప్పుకుని వచ్చేశాను.

ఆ కుర్రాడు నా పాత విద్యార్థి కావడం ఇంకో ఇబ్బంది. ఎనిమిదో తరగతిలో సగటు లెక్క ఒకటిచ్చాను. ఐదు రోజుల్లో పడ్డ వాన 12, 8, 0, 20, 10 మిల్లీమీటర్లు, సగటు ఎంత అని. వీడు మొత్తాన్ని నాలుగుతో భాగించి పన్నెండున్నర అన్నాడు. ఐదుతో కదరా అంటే, "ఒక రోజు వానే పడలేదు కదండీ, పడని వానని ఎందుకండీ లెక్కెట్టడం?" అని ఎదురు ప్రశ్న వేశాడు. సున్నా అయినా లెక్కలోకి రావాల్సిందే అని ఆ పీరియడంతా గోడకుర్చీ వేయించాను. అలాంటివాడి ముందు అంకె తెలియదని ఎలా చెప్పను?

కారు కొని అప్పటికి పదిహేను రోజులే. సెకండ్ హ్యాండ్‌ది. ఇంటికి తెచ్చిన రోజు మా అత్తగారు నిమ్మకాయలూ కొబ్బరికాయా అయ్యాక, డ్రైవరు వైపు తలుపు తీసి కింద అంచుని చూసి "ఇది గడపే కదమ్మా" అని మా ఆవిడతో అని, దానికి పసుపు రాసి బొట్లు పెట్టారు. గడప ఉంటే ద్వారబంధం ఉండాలి కాబట్టి పక్కన నిలువు కమ్మీకి కూడా పట్టించారు. అక్కడేదో స్టిక్కర్ ఉన్నట్టు లీలగా గుర్తు. దాని మీద పసుపు మహా నున్నగా పట్టింది.

సరే, అంకె కోసం నలుగుర్నీ అడిగాను. మా డెల్టాలో దారి అడిగితే మనిషి ఇంటిదాకా వచ్చి దిగబెడతాడు. సలహా అడిగితే ఇంక చెప్పేదేముంది!

మా డ్రిల్ మాస్టారు 28 అన్నారు. మెత్తగా ఉంటే పరుపు మీద కూర్చున్నట్టు ఉంటుందని ఆయన సిద్ధాంతం. తోడల్లుడు 30 అన్నాడు, ఎందుకు అంటే "నేను అంతే కొట్టిస్తాను" అన్నాడు. నత్రజని కొట్టించమని కూడా చెప్పాడు. మామూలు గాలిలో 78 శాతం అదే కదా, ఆ మిగతా 22 కోసం డబ్బులు పెట్టాలా అని నేను అక్కడే కాసేపు శాతాల్లో పడి అసలు సంగతి మరిచిపోయాను.

మావయ్యగారికి రొయ్యల చెరువులున్నాయి. రాత్రి కరెంటు పోయి, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే ఆయన ప్రాణం కూడా ఆగుతుంది. "గాలి దగ్గర పిసినారితనం పనికిరాదండి అల్లుడుగారూ. తగ్గిందా, తెల్లారేసరికి సరుకంతా పైకి తేలిపోద్ది" అని 35 అన్నారు. కారు ఎక్కడ తేలుతుందో నాకు తెలియలేదు గానీ పెద్దాయన అనుభవం కదా అని రాసుకున్నాను.

ఆఖరున మా బాబాయి. ముప్పై ఏళ్లు కొబ్బరికాయల లారీ నడిపాడు. మీటర్లంటే నమ్మకం లేదు. ఇనప రాడ్డుతో టైరు మీద ఒక్కటేసి ఆ చప్పుడు విని చెప్పేస్తాడు. నా కారు టైరు మీద కూడా వేసి, పెదవి విరిచి, "ఇది గాలేంట్రా? మేం 110 కొట్టేవాళ్లం" అన్నాడు. లారీ టైరుకి అది మామూలే అని ఇప్పుడు తెలుసు. అప్పుడు నా చేతిలో ఉన్నవి నాలుగంకెలు, నా బుర్రలో ఉన్నది ఒక్కటే విద్య.

సగటు తీశాను.

28, 30, 35, 110. మొత్తం 203. నాలుగుతో భాగిస్తే 50.75.

ఇంత పెద్ద అంకెని చూసి నాకూ కాస్త అనుమానం వచ్చిన మాట నిజం. టార్చి పట్టుకుని టైరు దగ్గర గొంతుకూర్చుని చూశాను. అంచు చుట్టూ చీమలబారులా అక్షరాలు. తల తిప్పుకుంటూ చదవగా చదవగా ఒక చోట దొరికింది: "మ్యాక్స్ ప్రెషర్ 51 పీఎస్ఐ". పీఎస్ఐ అంటే టైర్లో గాలి ఒత్తిడిని కొలిచే పాయింట్లు.

నా సగటు 50.75. టైరు మీద 51! పుస్తకం చివర జవాబుల పేజీతో లెక్క సరిపోయినప్పుడు పిల్లాడి మొహం ఎలా వెలుగుతుందో ఆ చీకట్లో నా మొహం అలా వెలిగింది. మరి 'మ్యాక్స్' అన్న మాట కనబడలేదా అంటే, కనబడింది. పరీక్ష పేపర్ మీద మ్యాక్స్ మార్కులు 50 అని ఉంటే 50కి 50 తెచ్చుకోవాలని పిల్లల్ని తోమే మనిషిని నేను. 51 అని రాసుంటే 35తో సరిపెట్టుకోవడం నా వృత్తికే అవమానం.

మర్నాడు ఆదివారం, అంతర్వేది ప్రయాణం. పొద్దున్నే షాపుకెళ్లి "యాభై ఒకటి" అన్నాను. కుర్రాడు నా వంక చూశాడు, టైరు వంక చూశాడు.

"అంతెందుకండీ మాస్టారూ, కారుకీ..."

నేను కళ్లజోడు పైనుంచి చూశాను. పదమూడేళ్ల కిందటి గోడ గుర్తొచ్చినట్టుంది. "ఆయ్, మీరు చెప్పాక మరేనండి" అని నాలుగింటికీ కొట్టేశాడు.

కారులో నేనూ, మా ఆవిడా, ఇద్దరు పిల్లలూ, అత్తగారూ. వెనక డిక్కీలో మొక్కుబడి కొబ్బరికాయలు అర బస్తా. కోనసీమకి కొబ్బరికాయలు మోసుకెళ్లే భక్తురాలు మా అత్తగారు ఒక్కరే అయ్యుంటారు. "మన చెట్టు కాయైతేనే మొక్కు" అన్నారు. పులిహోర క్యారేజీ మా ఆవిడ ఒళ్లో, మజ్జిగ క్యాను పెద్దాడి కాళ్ల మధ్య.

ఊరు దాటేదాకా బాగానే ఉంది. పైగా స్టీరింగ్ వేలితో తిరుగుతోంది, చూశారా లెక్కంటే అలా ఉండాలి అనుకున్నాను. నరసాపురం రోడ్డులో మొదటి గతుకు తగిలింది. అది గతుకని కూడా అనకూడదు, ఆవు గిట్ట పడినంత గుంట. కారు 'దభీ'మని లేచి, కింద పడి, ఇంకోసారి లేచింది. స్పీడ్ బ్రేకర్ దగ్గర నలుగురి తలలూ టాపుని ముట్టుకుని వచ్చాయి. చిన్నది "నాన్నా, ఇంకోసారి!" అంది. మజ్జిగ క్యాను మూత ఊడి పెద్దాడి లాగు చల్లబడింది. అత్తగారు నోరు తెరిచి నరసింహస్వామిని పిలవబోతే కట్టుడు పళ్లు టకటకమని తాళం వేశాయి. ఆవిడ ఇంక మాట్లాడకుండా వాటిని తీసి, రుమాల్లో చుట్టి, సంచిలో భద్రం చేసుకున్నారు. ఆ మీదట నన్నేమన్నారో స్పష్టంగా వినబడకపోవడం నా అదృష్టం.

"ఏవండీ, కారుకి ఏవన్నా దడుపు జ్వరమా?" అంది మా ఆవిడ.

"రోడ్డు అలా ఉంది" అన్నాను. మన దగ్గర ఈ జవాబుని ఎవరూ కాదనరు. అదొక్కటీ సుఖం.

చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లచ్చు గానీ అత్తగారికి పంటు, అంటే కార్లని కూడా గోదారి దాటించే పెద్ద పడవ, ఎక్కాలని సరదా. నరసాపురం రేవులో పంటు మీదకి దిగే వాలు తడితడిగా ఉంది. బ్రేకు తొక్కాను. చక్రాలు ఆగాయి, కారు ఆగలేదు. జారిన దూరం మూరెడే. ఎదుట వశిష్ఠ గోదావరి ఉన్నప్పుడు మూరెడు అంటే చాలా ఎక్కువ. పంటు మనిషి చెయ్యెత్తి "ఆగండాగండాగండీ!" అని అరిచాడు.

కారు పంటు మీద కుదురుకున్నాక ఆయన నన్ను పిలిచి రేవు ఒండ్రు మీద అచ్చులు చూపించాడు. మా ముందు కారు టైరు అచ్చు టైరంత వెడల్పున గీతలన్నీ పడి ఉంది. నాది దానికన్నా బాగా సన్నం. మధ్య గీతలు మాత్రం లోతుగా దిగాయి, రెండు పక్కలా అంచులు నేలకి తగిలినట్టే లేవు. "టైరు కడుపుబ్బరంతో ఉందండి బాబూ. నడిమి మీదే నడుస్తోంది, ఇంక బ్రేకేం పట్టుద్ది? గాలి తీసెయ్యండి" అన్నాడు.

సఖినేటిపల్లిలో దిగాక, మిట్టమధ్యాహ్నం ఎండలో, మా ఆవిడ దగ్గర పిన్నీసు పుచ్చుకుని వాల్వు పిన్ను నొక్కాను. బుస్సుమంది. ఎంత తియ్యాలి? మీటరు లేదు. పదిహేను అంకెలు లెక్కపెట్టి బొటనవేలితో నొక్కి చూశాను, రాయిలా ఉంది. ఇంకో పదిహేను. ఇంకా రాయే. ఇరవై. రోడ్డు వేడికీ ఎండకీ కాగిపోయిన టైరు గట్టిగా ఉండక ఏమవుతుందని నాకు తట్టలేదు. తట్టినా బొటనవేలితో గాలి కొలవడం రొట్టె తట్టి పిండి తూచడం లాంటిదే. మొత్తానికి దర్శనం బాగా అయింది, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర పిల్లలు సముద్రం చూశారు. తిరుగుదారిలో కారు ఎగరలేదు. ఎగరడం మాట అటుంచి, కదలడమే కష్టమైంది. స్టీరింగ్ మొండి ఎద్దు మెడలా ఒక పక్కకి లాగేస్తోంది. చీకటిపడ్డాక చల్లగా ఇల్లు చేరాం.

సోమవారం పొద్దున్నే, బడికెళ్లే ముందు, షాపు దగ్గర. కుర్రాడు మీటరు పెట్టాడు. 21, 24, 19, 23.

"ఇదేం సీరీసండీ మాస్టారూ?" అన్నాడు.

ఇంక దాచి లాభం లేదని నలుగురి సలహాలూ, 203, నాలుగుతో భాగహారం, 51, అన్నీ చెప్పేశాను. వాడు నవ్వలేదు. నవ్వుంటే బాగుండేది. గుడ్డ ఒకటి నీళ్లలో తడిపి, డ్రైవరు తలుపు తీసి, మా అత్తగారి ద్వారబంధం తుడవడం మొదలెట్టాడు. పసుపు కింద నుంచి ముందు కారు బొమ్మ బయటపడింది, తర్వాత టైరు సైజు, తర్వాత అంకెలు. ఇద్దరు ముగ్గురుంటే ముందూ వెనకా 32. నిండా జనం, సామానూ ఉంటే వెనక 36. పక్కన చిన్న అక్షరాల్లో కిలోపాస్కల్స్‌లో 220, 250. పదిహేను రోజులుగా రోజూ నా మోచేయి రాసుకుంటూ పోతున్న చోటు అది.

"టైరు మీద రాసింది టైరు తట్టుకునే హద్దండి. అదే టైరు నాలుగు రకాల కార్లకి ఏస్తారు కదండీ, మీ కారు బరువు ఆడికేం తెలుసు? కారుకెంత కావాలో కారు చేసినోడే ఇక్కడ అంటించాడండి" అన్నాడు. ఎక్కువైతే మధ్యలో అరుగుద్ది, తక్కువైతే రెండంచులూ అరుగుతాయి, చూపిస్తాను రండని మూల పారేసిన పాత టైర్లు రెండు దొర్లించి చూపించాడు కూడా. ఒకటి నడినెత్తి బట్టతల. ఇంకోటి చెంపలు నున్నగా, మధ్యలో మాత్రం ఒత్తు. మా స్టాఫ్ రూములో ఇద్దరు గుర్తొచ్చారు, పేర్లు చెప్పను.

"ఇంకోటండి, బండి నడవకముందే చూపించుకోవాలండి. నడిచొచ్చాక చూస్తే నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తాదండి. అది చూసి తీసేశారనుకోండి, తెల్లారేసరికి నిన్నటి కథే."

వేడి పది డిగ్రీలు పెరిగితే ఒకటిన్నర పాయింటు పెరుగుతుంది, ఘనపరిమాణం మారనప్పుడు పీడనం ఉష్ణోగ్రతని బట్టి ఉంటుంది అని పక్క క్లాసులో మా సైన్సు టీచరమ్మ చెబుతుండగా ఏటా వింటూనే ఉన్నాను. అది టైరు గురించి అని ఎప్పుడూ అనుకోలేదు.

నాలుగింటికీ 32 కొట్టాడు. డబ్బులు తియ్యబోతుంటే, "స్టెప్నీ?" అన్నాడు.

డిక్కీ తీశాం. మొక్కు తీరగా మిగిలిన రెండు కొబ్బరికాయలు పక్కకి జరిపి, కింద పలక ఎత్తి, అక్కడున్న స్పేర్ టైరు వాల్వుకి మీటరు పెట్టాడు. ముల్లు కదల్లేదు. తీసి మళ్లీ పెట్టాడు. కదల్లేదు. ఆ టైరుని నమ్ముకునే నేను పిల్లాజెల్లాతో గోదారి దాటొచ్చాను.

వాడు మీటరు నావైపు తిప్పి పట్టుకుని, చాలా వినయంగా అన్నాడు.

"సున్నాని కూడా లెక్కలోకి తీసుకోవాలి కదండీ మాస్టారూ. ఐదుతో భాగిస్తే మీ సగటు 40.6 వచ్చేదండి."

వేళ్ల మీద వేసి చూశాను. కరెక్టే.