పోలీసులు ప్రతిచోటా ఉండరు, మనం ఉంటాం

అమ్మాయిలు ఎలా జాగ్రత్తపడాలో చెప్పే వ్యాసాలు చాలా చదివాం. ఆడవాళ్ల మీద హింస ఆపడానికి మగవాళ్లు ఏం చేయాలని అడిగిన ఒక వ్యాసం ఇప్పుడు చదివాను, అందుకు సంతోషం. హైదరాబాద్‌లో 2014 నుంచి షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు మఫ్టీలో తిరుగుతూ ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకుంటున్నాయి. మంచిదే, కానీ ప్రతి బస్సులో పోలీసులు ఉండరు కదా!

మొన్న కోఠి బస్సులో ఒకడు కావాలనే ఒక అమ్మాయి మీద పడుతున్నాడు. పక్కనున్న పెద్దాయన "అమ్మా, నువ్విటు రా" అని తను మధ్యలోకి జరిగాడు. "బాబూ, వెనక బోలెడు ఖాళీ ఉంది, అటు పో" అన్నాడు గట్టిగా. బస్సంతా తిరిగి చూసింది. వాడు తర్వాతి స్టాపులో దిగిపోయాడు.

ఇంట్లో జరిగేదే ఇంకా కష్టం. పక్క ఫ్లాట్‌లో ఏడుపు వినిపిస్తే 'మొగుడూ పెళ్లాల గొడవ, మనకెందుకు' అని టీవీ సౌండ్ పెంచుకుంటాం. కానీ 2005 గృహహింస చట్టం ప్రకారం బాధితురాలే కాదు, విషయం తెలిసిన ఎవరైనా రక్షణాధికారికి (ఈ చట్టం కింద బాధితులకు సాయం చేయడానికి ప్రభుత్వం నియమించే అధికారి) చెప్పొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు పెట్టడానికి వీల్లేదు. 181 మహిళా హెల్ప్‌లైన్ కూడా ఉంది. దయచేసి తోటి మగవాళ్లంతా ఆ నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకోండి.