ఖాళీ చేయని ఓపెన్‌సీవీ 4.2 గారికి

కెమెరా బొమ్మలను ప్రోగ్రామ్‌లతో చదివించే లైబ్రరీ, మహారాజశ్రీ ఓపెన్‌సీవీ 4.2.0 గారికి నమస్కరించి రాయునది.

ఉబుంటు 20.04తో వచ్చి, రోబో ప్రోగ్రామ్‌లకు ఆధారమైన రాస్ నోయెటిక్‌తో వియ్యమంది, తమరు సిస్టమ్‌లో స్థిరపడిపోయారు. తమరి తర్వాతి వెర్షన్ 4.5.1 కావాల్సినవాళ్లు సోర్సు దించుకుని, ఫ్యాన్ మోత మోగేలా కంపైల్ చేసి ఇన్‌స్టాల్ చేసుకున్నా తమరు పల్లెత్తు మాట అనరు. ఆ మౌనమే కొంప ముంచుతోంది. ఆ తర్వాత వర్క్‌స్పేస్ (మన రాస్ కోడ్ ఉండే ఫోల్డర్) బిల్డ్ కూడా నూరు శాతం పూర్తవుతుంది. మధ్యలో కోడ్‌ను లైబ్రరీలతో కలిపే లింకర్ ఒక్కటే, రాస్ బొమ్మలను తమరి రూపంలోకి మార్చే సీవీ బ్రిడ్జ్ అడిగిన 4.2 కోర్ లైబ్రరీకి 4.5తో 'గొడవ రావచ్చు' అని నసుగుతుంది. రావచ్చట! అది ఎర్రర్ కాదు, వార్నింగే కదా అని అందరూ దాటేస్తారు. నోడ్ (రాస్‌లో నడిచే ప్రోగ్రామ్) మొదలవుతుంది, కెమెరా నుంచి మొదటి ఫ్రేమ్ వస్తుంది, సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో కూలిపోతుంది.

ఒక ఒరలో రెండు కత్తులన్నమాట. రెండు వెర్షన్లలోనూ ఫంక్షన్ల పేర్లు అవే. ప్రాసెస్‌లో ముందు లోడైనది ఎవరో వాళ్లదే చెల్లుబాటు. 4.5 హెడర్లు (ఫంక్షన్ల వివరాలుండే ఫైళ్లు) చూసి రాసిన కోడ్ వెళ్లి తమరి గడప తొక్కుతుంది.

తమరిని ఉబుంటు ప్యాకేజీలు పెట్టి తీసే ఆప్ట్‌తో సాగనంపుదామంటే సీవీ బ్రిడ్జ్, ఇమేజ్ వ్యూ, డెస్క్‌టాప్ ఫుల్ అనే రాస్ ప్యాకేజీలన్నీ తమరి వెంటే బయల్దేరతాయి. ఖాళీ చేస్తూ ఇంటి దూలాలు కూడా మోసుకుపోయే అద్దెదారు తమరు. ఇక సీవీ బ్రిడ్జ్ తాలూకు సీమేక్ (బిల్డ్ సాధనం) కాన్ఫిగ్ ఫైలు తెరిచి అందులోని హెడర్ల దారి మార్చేసే చిట్కా ఒకటి తిరుగుతోంది. మారేది బోర్డే. లోపల బైనరీ తమరికి లింకయ్యే ఉంటుంది.

కాబట్టి తమరిని కదపం, పక్కనే వేరే కాపురం పెడతాం. 4.5.1ని, దానితోపాటు అదే ట్యాగ్‌లోని కాంట్రిబ్ అనే అదనపు మాడ్యూళ్లనీ, ఇన్‌స్టాల్ ప్రిఫిక్స్ (ఎక్కడ పెట్టాలో చెప్పే దారి) మార్చి విడి ఫోల్డర్‌లో పెట్టాలి. కంపైలర్ 'కిల్డ్' అని ఆగిపోతే తప్పు కోడ్‌ది కాదు, ర్యామ్ చాలలేదు. ఒకేసారి నడిచే జాబ్‌ల సంఖ్య 2కి దించితే సరి. తర్వాత సీవీ బ్రిడ్జ్ సోర్సు ఉండే విజన్ ఓపెన్‌సీవీ రిపోలోని నోయెటిక్ బ్రాంచ్‌ను వర్క్‌స్పేస్‌లోకి క్లోన్ చేసి, 'ఓపెన్‌సీవీ డిర్' వేరియబుల్‌కి కొత్త ఫోల్డర్‌లోని సీమేక్ దారి ఇచ్చి బిల్డ్ చేయాలి. అంతకుముందే పాత బిల్డ్, డెవెల్ ఫోల్డర్లు చెరిపేయాలి. సీమేక్ క్యాష్‌కి తమరంటే ఎంత అభిమానమంటే, ఒకసారి తమరి దారి రాసుకుందంటే మళ్లీ వెతకదు.

చివర కొత్త సీవీ బ్రిడ్జ్ లైబ్రరీ మీద, ఏవేవి లింకయ్యాయో చూపే ఎల్‌డీడీ నడిపితే ఓపెన్‌సీవీ వెర్షన్లలో 4.5 తప్ప మరొకటి కనపడకూడదు. 4.5 'నాట్ ఫౌండ్' అని వస్తే కొత్త లిబ్ ఫోల్డర్‌ను లోడర్ (లైబ్రరీలను వెతికి తెచ్చేది) కాన్ఫిగ్‌లో చేర్చి ఎల్‌డీకాన్ఫిగ్ నడపాలి.

ఇంత చేశాక కూడా తమరు దొడ్డిదారిన వస్తారు, అది మాత్రం మెచ్చుకోవాలి. ఇమేజ్ ట్రాన్స్‌పోర్ట్‌తో బొమ్మలు పబ్లిష్ చేసే నోడ్, అందుబాటులో ఉన్న ప్లగిన్‌లన్నిటినీ నడిచే సమయంలో లోడ్ చేసుకుంటుంది. ఆప్ట్ ఇచ్చిన కంప్రెస్డ్ ప్లగిన్ తమరి మనిషే, 4.2కే లింకై ఉంటుంది. నోడ్ మీద ఎల్‌డీడీ నడిపితే ఇదేమీ తెలియదు, ఎందుకంటే అది లింక్ చేసిన లైబ్రరీ కాదు, తర్వాత పిలిపించుకున్నది. నడుస్తున్న ప్రాసెస్ తాలూకు ప్రాక్ మ్యాప్స్ ఫైలు (లోడైన లైబ్రరీలు కనిపించేది) చూస్తేనే తమరు దొరుకుతారు. అందుకే ఇమేజ్ ట్రాన్స్‌పోర్ట్ ప్లగిన్స్ రిపోను కూడా అదే వర్క్‌స్పేస్‌లో సోర్సు నుంచి బిల్డ్ చేస్తున్నాం.

ఇట్లు,
4.5.1 తరఫు వారు

తా.క.: రాస్ కోడ్‌కి కావాల్సిన ప్యాకేజీలు తెచ్చిపెట్టే రాస్‌డెప్‌ను ఊరికే నడిపితే తమరి డెవ్ ప్యాకేజీని మేళతాళాలతో మళ్లీ తీసుకొస్తుంది. అది వదిలేయాల్సిన వాటి జాబితా, స్కిప్ కీస్‌లో తమరి పేరు రాసేశాం, ఏమీ అనుకోవద్దు.