ఒళ్లే వైరు అయితే

(తమ్ముడు ఇంజనీరు. అక్క ఆస్పత్రిలో నర్సు. చర్చ: పరికరాల మధ్య డేటాను మనిషి ఒంట్లోంచి పంపడం మంచిదేనా?)

తమ్ముడు: బ్లూటూత్ సిగ్నల్ గదంతా పాకుతుందక్కా. ఒళ్లు అలా కాదు, లోపలంతా ఉప్పు నీరే కాబట్టి తక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌ని తనలోనే మోస్తుంది. పర్డ్యూ యూనివర్సిటీవాళ్లు 2019లో కొలిచి చూపించారు. మామూలు వైర్‌లెస్ సిగ్నల్ 5 మీటర్లు దాటినా దొరుకుతుంటే, ఒంట్లోంచి వెళ్లేది ఒంటికి 15 సెంటీమీటర్ల లోపే ఆగిపోయింది.

అక్క: షాక్ సంగతేంటి?

తమ్ముడు: 1996లో ఐబీఎంలో థామస్ జిమ్మర్‌మన్ చూపించిన పరికరంలో కరెంటు నానో ఆంపియర్ స్థాయిలోనే ఉంది. అంటే ఆంపియర్‌లో వంద కోట్లో వంతు.

అక్క: సరే, అది వదిలేద్దాం. ఆయన చూపించిందేమిటి? షేక్‌హ్యాండ్ ఇస్తే చాలు, విజిటింగ్ కార్డు వివరాలు అవతలి మనిషి దగ్గరికి వెళ్లిపోవడం! నా భయం సరిగ్గా అక్కడే. 15 సెంటీమీటర్లన్నది దూరంగా ఉన్నవాళ్ల లెక్క. తాకినవాళ్లకి ఆ లెక్కేముంది? నేను రోజుకి ఎంతమందిని తాకుతానో తెలుసా? నాడి చూడాలి, లేపి కూర్చోబెట్టాలి, భయపడేవాళ్ల చెయ్యి పట్టుకోవాలి. వైరు వద్దనుకుంటే పీకేస్తాం. ఒంటిని ఎక్కడ పీకుతాం?

తమ్ముడు: మీ ఆస్పత్రి సంగతే చెప్తా. 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, గుండె లయని సరిచేసే ఏవీర్ డీఆర్ అనే పేస్‌మేకర్‌కి అనుమతి ఇచ్చింది. గుండె గదుల్లో రెండు చిన్న పరికరాలు, మధ్యలో వైరు లేదు. గుండె కొట్టుకునే ప్రతిసారీ రక్తం, కండరం ద్వారానే మాట్లాడుకుంటాయి. ఇది వద్దంటావా?

అక్క: అస్సలు అనను. పాత రకం పేస్‌మేకర్ వైరు తెగి, ఇన్ఫెక్షన్ వచ్చి మళ్లీ ఆపరేషన్ టేబుల్ ఎక్కినవాళ్లని చూశాను. కానీ ఆ రోగికి అన్నీ చెప్పి సంతకం తీసుకుంటారు. రేపు ముట్టుకుంటే తెరుచుకునే తలుపు గొళ్లెం వస్తే, అది ఎవరి సంతకం తీసుకుంటుంది?

తమ్ముడు: గొళ్లేనికీ పద్ధతుంది. 2016లో వాషింగ్టన్ యూనివర్సిటీవాళ్లు ఫోన్ వేలిముద్ర సెన్సర్‌తోనే పాస్‌వర్డ్‌ని ఒంట్లోంచి పంపారు. సెకనుకి 50 బిట్ల లోపే, నెమ్మదే కానీ తాళానికి చాలు. వేలు కావాలని నొక్కిపెడితేనే డేటా కదిలేలా చిప్‌లోనే రాసేద్దాం. ఊరికే తాకితే ఏమీ వెళ్లదు.

అక్క: అది ఒప్పుకుంటాను. సెట్టింగ్స్‌లో ఎక్కడో దాచకుండా, చిప్‌లోనే ఉండాలి. మరి మా వార్డులో మత్తులో ఉన్నవాళ్ల వేలు ఇంకెవరో పట్టుకుని నొక్కిస్తే?

తమ్ముడు: ...దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదక్కా.